పాత డ్రైవర్‌ను తొలగించవలెను

జూన్ 2, సోమవారం
డిజైన్ గది

పెదనాన్న గారికి,

నమస్కారం. ఈ రోజు పొద్దున మేనేజర్ గారు అందరి ముందూ "కంప్యూటర్‌ని పాడుచేసింది ఈ అమ్మాయే" అన్నారు. రేపు వ్యాన్ బయలుదేరితే ఆ మాట కూడా దాంతోపాటు మీ గోడౌన్‌కు చేరుతుంది. ఈ ప్రెస్సులో నన్ను చేర్చుకున్నది మీ ముఖం చూసి. అందుకని ఎవరో చెప్పకముందే జరిగింది నేనే చెప్పాలని రాస్తున్నాను.

మా గదిలో కిటికీ పక్కన ఉండే పాత కంప్యూటర్ మీకు తెలుసు. అందరూ దాన్ని 'ముసలిది' అంటారు. మందు సీసాల లేబుళ్లన్నీ దాని మీదే తయారుచేస్తాను. ఆవగింజంత అక్షరాలు, ఒక్క చుక్క అటూ ఇటూ అయినా మందు మోతాదు మారిపోతుంది. రెండు వారాల కింద తెర మీద ఆకుపచ్చ చారలు మొదలయ్యాయి. రిపేరు ఆయన వచ్చి, మూత విప్పి, పాత గ్రాఫిక్స్ కార్డు పీకి కొత్తది పెట్టాడు. టీ చల్లారేలోపు పని ముగించి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆన్ చేసిన నిమిషానికి తెర నల్లబడుతోంది. ఒకవేళ వెలిగినా అక్షరాలు గోడ మీద రాతల్లా లావుగా కనిపిస్తున్నాయి.

మళ్లీ పిలిస్తే ఏమన్నాడో తెలుసా? "ఈ అమ్మాయి ఏదో నొక్కింది సార్."

"ఏదో అంటే ఏది?" అని అడిగాను.

"అది నీకే తెలియాలి" అన్నాడు. మేనేజర్ గారు నవ్వారు. మా బైండింగ్ అక్క ఒక్కతే, "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట" అని కాగితాలు మడత పెడుతూ గొణిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు కూర్చుని అసలు కారణం కనిపెట్టాను. తప్పు నాదీ కాదు, కార్డుదీ కాదు, డ్రైవర్‌ది. నోటిమాటగా చెబితే ఇక్కడ ఎవరూ వినరు కాబట్టి అర్జీ రాసి ఇచ్చాను. దాని నకలు జతచేస్తున్నాను. అక్కడి వాచ్‌మన్ గారితో నిదానంగా చదివించుకోండి. మన ఇంట్లోంచి ఒక ఆఫీసుకు వెళ్లిన మొదటి అర్జీ ఇది. మీకు సంతోషంగా ఉంటుందని నా నమ్మకం.

మీ అమ్మాయి

(నకలు)

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

డిజైన్ గదిలోని కంప్యూటర్ పాడవడానికి కారణం నేను కాదని, పాత డ్రైవర్ అని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. పాత డ్రైవర్‌ను తొలగించకుండానే కొత్త డ్రైవర్‌ను తీసుకువచ్చారు. ఒకే చోట రెండు డ్రైవర్లు ఉండటం వల్ల ఘర్షణ ఏర్పడుతోంది. పాత డ్రైవర్ కాలం చెల్లినది. అది పని చేయదు, చేసేదాన్ని చేయనివ్వదు. కావున పాత డ్రైవర్‌ను దాని ఆనవాళ్లతో సహా పూర్తిగా తొలగించవలెను. పైపైన తొలగించినచో తిరిగి వచ్చే ప్రమాదం ఉన్నది.

ఇట్లు, విధేయురాలు.

*

జూన్ 5, గురువారం
పేపర్ గోడౌన్

చదువులమ్మకు,

నీ పెదనాన్న చెబుతుంటే వాచ్‌మన్ రాస్తున్నాడు. ఒక్క ముక్క మార్చొద్దని వాడితో ఒట్టు పెట్టించుకున్నాను.

నీ అర్జీ చదివించుకున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటిసారి వాచ్‌మన్ తప్పు చదివాడనుకున్నా. రెండోసారి నా చెవులే సరిగ్గా లేవనుకున్నా. మూడోసారికి ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ కంప్యూటర్ పెట్టెని ఆ గదికి చేర్చింది నేనే, మర్చిపోయావా? మూడేళ్ల కింద పాత ఆఫీసు నుంచి వ్యాన్‌లో తెచ్చాను. నా సీటు మీది పరుపు తీసి దాని కింద వేసి, నేను వట్టి చెక్క మీద కూర్చుని తోలాను. నడుం పట్టేస్తే మీ పెద్దమ్మ వారం రోజులు కాపడం పెట్టింది. గొయ్యి కనిపిస్తే చాలు, గర్భిణీని తీసుకెళ్తున్నట్టు తోలానే! అప్పుడు నేను కుదిపి పాడుచేసి ఉంటే మూడేళ్లు ఎట్లా ఆడింది? నిన్ను తప్పు పడితే నువ్వు తెచ్చి నా నెత్తిన రుద్దుతావా?

"కాలం చెల్లినది" అంట. నా లైసెన్సుకి ఇంకా రెండేళ్లుంది, పోయి చూసుకో. "పని చేయదు" అంట. మొన్న మిల్లు నుంచి నాలుగు ట్రిప్పులు కాగితం రీళ్లు దించింది ఎవరు, నీ తాతా? "ఆనవాళ్లతో సహా" అంటే ఏంటే? గేటు దగ్గర మేకుకి వేలాడే నా పాత చొక్కా కూడా తీసేయమనా?

నన్ను వ్యాన్ మీంచి దించి ఇక్కడి లారీకి మార్చినప్పుడే, వ్యాన్‌కి కొత్త డ్రైవర్‌ని తెచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పొమ్మనలేక పొగ పెడుతున్నారని. కానీ ఆ పొగ మా ఇంటి పొయ్యిలోంచి వస్తుందనుకోలేదు.

ఇంకొకటి. "రెండు డ్రైవర్లు" అని రాశావు. కుర్చీలని, గొడ్లని రెండు అంటారు. మనుషుల్ని ఇద్దరు అంటారు. బడి గడప తొక్కని నాకు తెలుసు, నీకు తెలీదా? పైగా నన్ను పట్టుకుని "అది" అంటావా? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్లేదు.

నోటితో పిలిచేటప్పుడు "పెదనాన్నా, నువ్వు" అంటావు. కాగితం మీద "గారు", "మీరు". నీకు రాయడం వచ్చేసరికి నేను పరాయివాణ్ణి అయ్యానా? ఉద్యోగం ఫారంలో 'ఇక్కడ మీ బంధువులు ఎవరున్నారు' అంటే, 'పెదనాన్న, రవాణా విభాగం' అని రాశావంట. డ్రైవర్ అని రాయడానికి నీకు చెయ్యి రాలేదు. ఆ సంగతి నువ్వు చేరిన రోజే మేనేజర్ నాకు చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడేమో ఆ మాట ఎన్నిసార్లు రాశావో! తీసేయమనడానికి మాత్రం బాగా చెయ్యొచ్చింది.

సోమవారం లారీ తాళాలు సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టేస్తున్నాను. నీకు ప్రమాదం తప్పుతుంది.

నీ రవాణా విభాగం

ఇది వాచ్‌మన్ సొంత మాట: తల్లీ, ఈయన నిన్నటి నుంచి టీ కూడా తాగట్లేదు. నేనూ అర్జీ మూడుసార్లు చదివాను, నాకూ అట్లాగే అర్థమైంది. తప్పయితే మన్నించు. నీ దస్తూరి మాత్రం ముత్యాలే.

*

జూన్ 6, శుక్రవారం
ఇల్లు

పెదనాన్నా,

తాళాలు ఇవ్వకు. ముందు ఈ మాట చదివించుకో, మిగతాది తర్వాత.

ఉత్తరం అందగానే గోడౌన్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. నీ సెల్లు ఎప్పటిలాగే లారీలో చచ్చి పడి ఉంటుంది. సూపర్‌వైజర్ గారు మూడుసార్లూ "పిలిచాను, రానంటున్నాడు" అన్నారు. చివరికి "సోమవారం తాళాల సంగతి నాతో మాట్లాడందే తేల్చొద్దని చెప్పండి" అని ఆయనతోనే కబురు పెట్టాను. ఈ ఉత్తరం మంగళవారం వ్యాన్‌లో వచ్చే సంచిలో గానీ రాదు. వారానికి రెండుసార్లు తిరిగే ప్రూఫుల సంచిని నమ్ముకుని ఒక మనిషి బతుకు తేల్చుకోవాల్సి వచ్చినందుకు నాకు ఏడుపు రావట్లేదు, కోపం వస్తోంది.

డ్రైవర్ అంటే మనిషి కాదు పెదనాన్నా! కంప్యూటర్ లోపల ఉండే ఒక రాత. గ్రాఫిక్స్ కార్డు అంటే బొమ్మను తెర మీదకు పంపే పలక. ఆ పలకతో పని ఎలా చేయించుకోవాలో మిషన్‌కు తెలియదు. తెలియజెప్పే రాతకే డ్రైవర్ అని పేరు పెట్టారు. ఏ కార్డుకు ఆ డ్రైవర్ ఉంటుంది. రిపేరు ఆయన పాత కార్డు పీకాడు గానీ లోపల దాని డ్రైవర్‌ను తీయలేదు. దాని మీదే కొత్త కార్డు డ్రైవర్‌ను ఎక్కించాడు. ఒక స్టీరింగ్‌ను ఇద్దరు పట్టుకుని చెరో పక్కకూ తిప్పితే బండి ఏమవుతుంది? తెర నల్లబడింది అందుకే. ఆ రాతలను 'రెండు' అనక 'ఇద్దరు' అని రాయమంటావా?

ఆ అర్జీలో ఎక్కడైనా నీ ప్రస్తావన ఉందా? వ్యాన్ ఉందా, లారీ ఉందా, గొయ్యి ఉందా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు. మాట అర్థం కాలేదంటే నేను బాధపడను. నాకు ఒళ్లు మండేది అర్థమైందనుకున్న దాన్ని నువ్వు నమ్మేసినందుకు. నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని బడికి దింపినవాడివి, నీ నోటి కూడు తీసేయమని నేను అర్జీ పెడతానని ఒక్క పూటలో ఎలా నమ్మావు? మూడుసార్లు చదివించుకోవడం కాదు, ఒక్కసారి నన్ను అడగాలి కదా!

పెద్దమ్మకు చదివి వినిపించాను. "ఆయన తాళాలు ఇచ్చేసి ఇంటికొస్తే ఇంట్లో ఏం తోలతాడు? నన్ను కూడా రివర్సు రమ్మంటాడు" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ తర్వాత చాలాసేపు వాకిట్లోనే నిలబడింది.

ఫారం సంగతి. అవును, రాశాను. పొరపాటు కాదు, ఆ రోజు సిగ్గుపడే అలా రాశాను. నా ముందు వరసలో ఉన్న అమ్మాయి కాగితం మీద 'ఇంజనీరు' అని కనిపించింది. నీకు చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్లూ దాచాను. ఆ తప్పుకు నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. చేయని తప్పుకు మాత్రం పడను.

ఇక 'మీరు' అంటావా, అది బళ్లో నేర్పారు, పెద్దలకు ఉత్తరం రాస్తే అలా రాయాలని. ఈ ఉత్తరం నుంచి మానేశాను. చూసుకో.

నీ అమ్మాయి

*

జూన్ 11, బుధవారం
పేపర్ గోడౌన్

అమ్మడూ,

నిన్న సాయంత్రం నీ ఉత్తరం అందింది. మొన్న పొద్దున్నే తాళాలు ఇచ్చేశాను.

శనివారం సూపర్‌వైజర్ వచ్చి ఏమన్నాడో విను. "మీ అమ్మాయి మూడుసార్లు ఫోన్ చేసిందయ్యా, సోమవారం తాళాల సంగతి తేల్చమంది" అన్నాడు. తేల్చొద్దన్న మాట దార్లో ఎక్కడ పడిపోయిందో! మూడుసార్లు ఫోన్ చేసేంత తొందరగా ఉందా దీనికి, అనుకుని తేల్చేశాను.

ఏం చెప్పమంటావు. వాచ్‌మన్ నీ ఉత్తరం చదువుతూ "రాత" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. తర్వాత వాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. లోకంలో మాటలు కరువయ్యాయా? ఆ రాతకి క్లీనర్ అని పెట్టొచ్చుగా, కండక్టర్ అని పెట్టొచ్చుగా! నిద్రల్లేవు, సెలవుల్లేవు, ముప్ఫై ఏళ్లు తోలి సంపాదించుకున్న మాట అది. దాన్ని తీసుకెళ్లి పెట్టెలో రాతకి పెట్టినవాడు ఎవడో కనిపిస్తే నాలుగు కడుగుతాను.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా. ఫారం మాట కూడా. నేనూ నీ పెళ్లి సంబంధం వాళ్లతో నువ్వు 'ఆఫీసరు' అన్నాను. చెల్లుకు చెల్లు.

ఇంకొకటి చెప్పాలి, చెప్పొద్దనుకున్నా. సోమవారం తాళాలు ఇస్తుంటే అక్కడ మేనేజర్ కూడా ఉన్నాడు. పని కట్టుకుని వచ్చాడు. నీ అర్జీ నా ఫైల్లో కుట్టి ఉంది. "పూర్తిగా తొలగించవలెను" అన్న చోట ఎర్ర గీత, వేలు పెట్టి చదివి మరీ చూపించాడు. "మేమేం చేస్తామయ్యా, మీ ఇంటి పిల్లే రాసింది" అన్నాడు. ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. సంతకం ఒక్కటే కదా నాకొచ్చింది. ఆ పూట వాచ్‌మన్ గేటు దగ్గరున్నాడు, చదివిపెట్టేవాళ్లు లేరు. ఒంట్లో బాగోలేక నా అంతట నేనే మానుకుంటున్నానని అందులో ఉందని తర్వాత సూపర్‌వైజర్ చెప్పాడు. నా ఒంట్లో ఏం బాగోలేదో నాకే తెలీదు.

పోనీలే. ఇచ్చిన తాళాలు నేను అడుక్కోను. ఈ నెలాఖరు దాకా ఇక్కడే ఉండి రీళ్ల లెక్క అప్పజెప్పి వస్తాను. నువ్వు మాత్రం ఏ గొడవా పెట్టుకోకు. నోరు మూసుకుని నీ కుర్చీ నిలబెట్టుకో. ఇంట్లో ఒక్కరికైనా కూర్చుని చేసే పని దొరికింది.

నీ పెదనాన్న

వాచ్‌మన్ మాట: నవ్వు రాలేదంటున్నాడు గానీ, నిన్న కొత్త డ్రైవర్ ఎక్కిన లారీని చూసి "దీనికి కూడా రెండు డ్రైవర్లు ఎక్కించారు" అని నవ్వాడు. ఆ తర్వాత మొహం కడుక్కుని వచ్చాడు.

*

జూన్ 13, శుక్రవారం
డిజైన్ గది

పెదనాన్నా,

నోరు మూసుకోమన్నావు. మూసుకోలేదు. నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. సాయంత్రం లోపు జరిగినవి వరుసగా చెబుతాను.

ముందు కంప్యూటర్ సంగతి, ఎందుకంటే అసలు విషయం అందులోనే బయటపడింది. బుధవారం రిపేరు ఆయన వచ్చాడు. మొహం చిటపటలాడుతోంది. "నా పని మీద అర్జీ పెడతావా?" అంటూ జేబులోంచి ఒక కాగితం తీసి నా బల్ల మీద కొట్టాడు. అది నా అర్జీకి జిరాక్సు. కింద మేనేజర్ గారి చేతిరాతతో ఒక వాక్యం ఉంది: "రిపేరు వారికి. ఇందులో చెప్పినట్టు కంప్యూటర్‌లో పాత డ్రైవర్ తీసివేయగలరు." కింద సంతకం, తేదీ జూన్ 4.

అప్పుడు నాకు ఆ కాగితం విలువ తెలియదు. పనిలో పడ్డాం. నెట్ వైరు పీకాం, లేకపోతే తీసేసిన డ్రైవర్‌ను మిషన్ తనంతట తానే మళ్లీ తెచ్చుకుంటుంది. కనీసపు సరంజామాతో నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి రెండింటినీ తీసేశాం. కొత్త కార్డుకు అన్నిటికన్నా కొత్త డ్రైవర్ ఎక్కించాం. మళ్లీ నలుపు! అంత కొత్తది మన ముసలిదానికి పడదట. దాని ఈడుకు తగ్గది కావాలి. కార్డు అట్టపెట్టెలోనే ఒక డిస్కు ఉంది, ఆయన మొదటి రోజే పనికిరాదని పక్కన పారేశాడు. అందులో నాలుగేళ్ల కిందటి డ్రైవర్ దొరికింది. ఎక్కించాం. అక్షరాలు చీమకాళ్లంత సన్నగా వచ్చాయి, ఈ మూడు రోజులూ తెర ఒక్కసారి కూడా ఆరలేదు. నా అర్జీ కూడా పూర్తిగా ఒప్పు కాదని అప్పుడు తెలిసింది. ఆయన వెళ్తూ, "ఏదో నొక్కావనడం నా పొరపాటే" అన్నాడు. గొణిగాడు గానీ అన్నాడు. జిరాక్సు నా దగ్గరే ఉండిపోయింది.

ఈ రోజు నీ ఉత్తరంలో ఎర్ర గీత మాట చదివాక ఆ జిరాక్సు తీసుకుని మేనేజర్ గదికి వెళ్లాను.

"మా పెదనాన్న ఫైల్లో నా అర్జీ ఎందుకు కుట్టారు సార్?"

"డ్రైవర్ అంటే డ్రైవరే కదమ్మా. రాసింది నువ్వు, సంతకం నీది."

"మరి ఇదే అర్జీని రిపేరు ఆయనకు పంపారు. అప్పుడు ఏ డ్రైవర్ అనుకున్నారు?" అని జిరాక్సు చూపించాను. ఇవ్వలేదు, చూపించాను.

ఆయన పేపర్‌వెయిట్‌ను అటు తిప్పారు, ఇటు తిప్పారు. "ఆ వయసులో లారీ తోలడం ఆయనకే మంచిది కాదు. ఎప్పటికైనా చెప్పాల్సిందే. నువ్వు పని సులువు చేశావు" అన్నారు. పేపర్‌వెయిట్ కింద పెట్టి, "చదువుకున్నదానివి. ఎక్కడ ఆగాలో నీకు తెలియాలి. కుర్చీ ఎక్కడికీ పోకూడదనుకుంటున్నావు కదా" అన్నారు.

నేను నాలుగు అక్షరాలు నేర్చుకుంటే, చేయి తిరిగిందని మురిసిపోతే, ఆ రాతను కత్తిలా పట్టుకుని ఆయన నీ మెడ మీద పెట్టాడు. పొరబడింది మనం. ఆయన పొరబడలేదు. రెండు అర్థాలూ తెలిసే, ఒక కాగితాన్ని రెండు పనులకు వాడుకున్నాడు. నువ్వేమో నోరు మెదపకుండా దొంగ చేతికి తాళాలు ఇచ్చి వచ్చావు!

యజమాని గారు ఇరవై ఐదో తేదీ, బుధవారం ఇక్కడికి వస్తున్నారు. ఆయన గుమాస్తాను పట్టుకుని పదకొండు గంటలకు పది నిమిషాలు అడిగాను, రాసుకున్నాడు. మానుకుంటున్నానన్న కాగితం మీద యజమాని సంతకం ఇంకా పడలేదట. పడేలోపు దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. కానీ అడగాల్సింది నువ్వు, నేను కాదు. మనిషే మాట్లాడకపోతే మధ్యలో నువ్వెవరని అడుగుతారు.

అడుక్కోనన్నావు. ఇది అడుక్కోవడం ఎలా అవుతుంది? చదివి వినిపించకుండా నీ చేత సంతకం పెట్టించారు. అది చెప్పడానికి సిగ్గుపడాల్సింది వాళ్లు. లారీ తోలలేనని నీకే అనిపిస్తే చెప్పు, ఇప్పుడే ఆగిపోతాను. అనిపించకపోతే నా కుర్చీని అడ్డం పెట్టి మాట్లాడకు. నీ తాళాల మీద నిలబడే కుర్చీ నాకు అక్కర్లేదు. పెద్దమ్మ కూడా ఈ మాటే అంది, నాకంటే గట్టిగా.

రద్దు చేయమనే కాగితం నేను తయారుచేసి పంపితే నువ్వు సంతకం పెట్టడం సులువే. కానీ పంపను. నువ్వు కూర్చుని చెప్పాలి, వాచ్‌మన్ గారు రాయాలి. సోమవారం ఏం జరిగింది, ఎవరేమన్నారు, కాగితంలో ఏముందని నీకు చెప్పారు, ఏముందని తర్వాత తెలిసింది, ఇప్పుడు నీకేం కావాలి. కోపం వస్తే కోపంగానే చెప్పు. రాయడం అయ్యాక మొదటి నుంచి చివరి దాకా నీకు చదివి వినిపించమను. నీ మాటేనని నీకు అనిపించాకే సంతకం పెట్టు.

ఈ ఉత్తరం పదిహేడున నీకు అందుతుంది. ఇరవై నాలుగు, మంగళవారం సంచిలో నీ కాగితం నాకు చేరాలి. మర్నాడు పదకొండు గంటలకు నేను ఆ గదిలోకి వెళ్తాను. నీ కాగితం వస్తే అది పట్టుకుని వెళ్తాను. రాకపోతే, నువ్వు ఆయనకు ఏమవుతావమ్మా అని యజమాని అడిగితే, డ్రైవర్ గారి కూతుర్నని చెప్పి నిలబడతాను. ఆ తర్వాత చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

ఇరవై నాలుగు లోపు జవాబు రాయి.

నీ అమ్మాయి